స్తంభం మీది పింగాణీ కప్పు



తంతి శాఖలో మహబూబ్‌నగర్, నల్లగొండ లైన్ల వెంట తిరిగినవాణ్ణి. తీసేసిన స్తంభాల మీది పింగాణీ కప్పులు పదకొండు, అనుమతి అడిగి తెచ్చి దాచుకున్నాను. అమెరికాలో గాజు కప్పులు సేకరించేవారికి సంఘమే ఉంది. మన చేతుల మీదుగా పోయినవి తెల్ల పింగాణీవి.

కప్పు బోర్లించి ఉంటుంది. వానలోనూ లోపలి అంచు పొడిగా ఉండి, తీగలోని కరెంటు స్తంభంలోకి దిగదు. పెళ్లి కబురైనా, చావు కబురైనా దాని మీదుగా పోయిందే.

2013 జూలైలో టెలిగ్రాం సేవ ఆగింది. పాత సామాన్లవాళ్లు తీగ, ఇనుము కొంటారు. కప్పును పగలగొట్టి పారేస్తారు. మీ ఇంట ఒక్కటున్నా, ఏ ఊరి లైనుదో చీటీ రాసి కట్టండి. ఆ ఊరి బడికే ఇద్దాం. మన తర్వాత చెప్పేవారుండరు.

సెలవు.