కొయ్యపిడికి లక్కమెరుగు



ఉలిపిడికైనను, కత్తిపిడికైనను, లైసెన్సుగలవాని పిస్తోలు పిడికైనను మెరుగు పెట్టవలసినపుడు యువకులడుగు ప్రశ్న యొక్కటే: త్వరగా ఆరునదేది? స్టూవర్టుపురమున పిస్తోలు మాట యెత్తగానే నవ్వువారుందురు. ఎరుకల కుటుంబములపై ముద్రవేసిన నేరజాతుల చట్టము 1952లోనే రద్దయినది. నేను చెప్పునది వడ్రంగపు మాట.

త్వరగా ఆరుటకు మనవారెరిగిన ప్రాచీన పదార్థము లక్క. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై నొక చిన్న పురుగు దీనిని స్రవించును. వరాహనదీ తీరమునందలి ఏటికొప్పాక పనివారు అంకుడు కొయ్యను తరిమెనపై త్రిప్పుచు రంగులక్క కడ్డీని దానికొత్తుదురు. రాపిడి వేడికి లక్క కరగి యంటుకొని, వెంటనే గట్టిపడును. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. గుండ్రని ఉలిపిడికి ఈ పద్ధతి చక్కగా నొప్పును. పిస్తోలు పిడి సాధారణముగా మరలతో బిగించిన రెండు చెక్కపలకలు. అది తరిమెనకు లొంగదు. కావున లక్కను స్పిరిటులో కరగించి పూయవలెను. స్పిరిటు ఎగిరిపోవును, లక్క నిలుచును.

ముందుగా ఆయుధములో గుండు లేదని రూఢిపరచుకొని పలకలను ఊడదీయవలెను. పాత నూనె జిడ్డును స్పిరిటు గుడ్డతో తుడిచి, సన్నని గరుకు కాగితముతో కొయ్యపోగు వెంబడి రుద్దవలెను. జిడ్డుపై లక్క నిలువదు.

మన యూరు సముద్రమునకు దూరము కాదు. అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. స్పిరిటు ఎగురునపుడు పూత చల్లబడును. గాలిలోని తేమ దానిపై దిగి మెరుగు పాలవలె తెల్లబడును. డబ్బాపై అచ్చువేసిన నిమిషముల లెక్క మన ముసురుకు తెలియదు. పొడియెండ కాయు దినమున, దూది పొదిగిన గుడ్డతో పలుచని పూత వేసి, అది ఆరిన పిదపనే మరియొకటి వేయవలెను. దళసరి పూత పైన ఆరి లోన మెత్తగా నుండును. తెల్లబడినచో, పొడి దినమున స్పిరిటు తడి యించుక తగిలిన గుడ్డతో తేలికగా రుద్దిన తేటపడుట కలదు.

పట్టు జారకుండుటకు చెక్కిన గళ్లలో లక్క నింపుట శుద్ధ అవివేకము. చెమటచేతికి లక్కకంటె అవిసెనూనెయే మేలని నా యభిప్రాయము. మెరుపు తక్కువ, ఆరుటకు దినములు పట్టును. కాని గీటుపడిన చోట మరల కొంచెము రుద్దిన చాలును.

భారతమున ధర్మరాజు వారణావతపు లక్కయింటిని వాసనచేతనే కనిపెట్టెను. మనమును ముక్కునకు పని చెప్పవలెను. స్పిరిటు వాసన యున్నంతవరకు దీపము, బీడీ, పొయ్యి దరికి రారాదు. అవిసెనూనె గుడ్డలను ముద్దగాచుట్టి మూల పడవేయరాదు. నూనె గాలితో కలిసి ఆరునపుడు పుట్టు వేడికి అవి తమంతట తామే అంటుకొనగలవు. వానిని ఆరుబయట విడివిడిగా పరచి, గట్టిపడువరకు ఆరనిచ్చి, పిమ్మటనే పారవేయవలెను.