జిమ్‌లో ఇంజెక్షన్ వాడే తమ్ముళ్ళతో బీపీ గురించి
(మొన్న ఆదివారం మీటింగ్‌లో మాట్లాడిన మాటలు. రాలేకపోయిన వాళ్ళ కోసం)

ముందే చెప్తున్నా, నేను తిట్టడానికి రాలేదు. రాత్రంతా వేర్‌హౌస్‌లో నిలబడి, మళ్ళీ జిమ్‌కెళ్ళి బరువులెత్తే ఓపిక ఉందంటే మెచ్చుకోవాల్సిందే. కానీ కొందరు టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు కూడా వేసుకుంటున్నారు. డాక్టర్‌కి మాత్రం చెప్పడం లేదు. నా భయం అక్కడే.

ఆ మందు ఒంట్లో ఉప్పూ నీరూ నిలబెడుతుంది. ఎర్ర రక్తకణాలు పెంచి రక్తాన్ని చిక్కబరుస్తుంది. డాక్టర్ రాసిచ్చిన మోతాదుకే బీపీ పెరుగుతోందని 2025లో అమెరికా ఎఫ్‌డీఏ ఈ మందులన్నిటి మీదా హెచ్చరిక ఉండాలంది. జిమ్‌లో వాడేది చాలాసార్లు అంతకు కొన్ని రెట్లు. "నాకేం లేదన్నా, బాగానే ఉన్నా" అంటారు. బీపీ ఉన్నా చాలామందికి ఏమీ తెలియదు తమ్ముడూ, అదే చిక్కు.

1985లో కెనడాలో బాడీబిల్డర్లు రెండు కాళ్ళతో పెద్ద బరువు తోస్తుండగా ధమనిలోనే కొలిచారు. సగటున 320/250 వచ్చింది! ఊపిరి బిగబట్టడం కూడా ఒక కారణం. బరువు దించగానే అదీ దిగిపోతుంది. కానీ కూర్చున్నప్పుడే 160 ఉన్నవాడు అక్కణ్ణించి పైకెక్కుతాడు.

కాబట్టి జిమ్ నుంచి రాగానే, కాఫీ, ప్రీ వర్కవుట్ పొడి తాగిన వెంటనే చూసుకోవద్దు. ఐదు నిమిషాలు కూర్చోండి, కాలు మీద కాలు వద్దు, మాట్లాడొద్దు. నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి. పొద్దున, సాయంత్రం, అలా వారం. మొదటిరోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీయండి. నైట్ షిఫ్ట్ వాళ్ళకి పొద్దున అంటే నిద్ర లేచిన వేళ. ఇంకోటి, మీ దండలకి మామూలు పట్టీ చాలదు. బిగుతైతే లేని బీపీ చూపిస్తుంది. పెద్ద కఫ్ కొనండి.

సగటు 135/85 గానీ అంతకు మించి గానీ ఉంటే జీపీ దగ్గరికి వెళ్ళండి. 180/120 దాటితే కాసేపాగి మళ్ళీ చూడండి. అప్పుడూ అంతే ఉంటే ఆరోజే జీపీకో 111కో ఫోన్ చేయాలి. ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడడం, చూపు మసకబారడం, వీటిలో ఏదున్నా మళ్ళీ చూస్తూ కూర్చోవద్దు, 999.

జీపీకి ఇంజెక్షన్ సంగతి చెప్పండి. చెబితేనే రక్తం చిక్కదనం, కిడ్నీ, కొవ్వు పరీక్షలు చేయిస్తారు. మీ మేనేజర్‌కి ఫోన్ చేసి చెప్పరు. సొంతానికి దగ్గర ఉంచుకోవడం ఇక్కడ నేరం కాదు. రూమ్మేట్‌కి ఇచ్చారా, ఊరికే ఇచ్చినా సరే, అది నేరం. పోస్టులో తెప్పించుకోవడం కూడా. ఆపాలనుకుంటే అదీ జీపీతోనే మాట్లాడండి, ఒక్కసారిగా ఆపితే కొందరికి మనసు బాగా కుంగిపోతుంది.

నాన్నగారి టెల్మా మాత్రలు ఇండియా నుంచి తెచ్చుకుని మింగకండి. ఆ మందు మొదలుపెట్టే ముందూ తర్వాతా కిడ్నీ, పొటాషియం చూడాలి. జీపీ దగ్గర పేరు రాయించుకోవడం అందరికీ ఉచితమే. ఇంగ్లండ్‌లో 40 దాటితే చాలా ఫార్మసీల్లో బీపీ ఊరికే చూస్తారు.

వచ్చే మీటింగ్‌కి పెద్ద కఫ్ ఉన్న మిషన్ తెస్తాను. అరగంట ముందు రండి, జిమ్‌కి మాత్రం తర్వాత వెళ్ళండి.