చిత్రిక పట్టి మెరుగు పెట్టు యంత్రము: పంచాయతీ సభ్యుల కర్తవ్యము



ఇల్లు కట్టుకొనువారు ద్వారబంధములకును తలుపులకును ఊరి వడ్రంగి యొద్దకు పోవుట మన గ్రామములలో తరతరాలుగా వచ్చిన ఆచారము. ఇప్పుడు పెక్కు గ్రామములలో పట్టణపు దుకాణము నుండి సిద్ధముగా నున్న తలుపులను కొని తెచ్చుకొనుచున్నారు. మన వడ్రంగి నేర్పు తరిగిపోవుట ఇందుకు కారణము కాదు. పట్టణములో యంత్రము నిమిషములలో నునుపు చేయు బల్లను చేతి తోపడతో ఆ స్థితికి తెచ్చుటకు గంటలు పట్టుచున్నది. గంటలు పెరిగిన కొలది కూలియు పెరుగుచున్నది. కావున ఆ యంత్రమును గ్రామమునకే తెచ్చుకొనుట మేలా, తెచ్చుకొన్నచో పంచాయతీ వహింపవలసిన జాగ్రత్తలేవి యను విషయములను మేము నేడు మీకు మనవి చేయదలచితిమి.

బల్లను సిద్ధపరచుటలో రెండు దశలు కలవు. మొదట తోపడతో చిత్రిక పట్టి చదును చేయుదురు. పిమ్మట ఉప్పుకాగితముతో రుద్ది నునుపు చేయుదురు. ఈ రెండు పనులను ఒకే వరుసలో చేయు యంత్రమును గూర్చియే మేము చెప్పుచున్నాము. బల్లను ఒకవైపున అందించినచో రోలర్లు దానిని పట్టి లోనికి లాగును. ఉక్కు కత్తులు బిగించిన గుండ్రని ఇరుసు నిమిషమునకు 4,000 మొదలు 6,000 చుట్ల వరకు తిరుగుచు పైపొరను చెక్కును. దాని వెనుక నున్న గరుకు పట్టీ ఆ తలమును రుద్దును. వార్నీషు పూయు పని మాత్రము తరువాత చేతితో చేయవలసినదే.

కత్తి చెక్కిన పిదప మరల రుద్దుట యెందుకని మీరు అడుగవచ్చును. తిరుగుచున్న కత్తి తగిలిన ప్రతిసారి బల్లపై చిన్న అల వంటి గుర్తు పడును. రెండు కత్తుల ఇరుసు నిమిషమునకు 5,000 చుట్లు తిరిగినచో 10,000 సారులు చెక్కును. ఆ నిమిషములో బల్ల 6 మీటర్లు సాగినచో ఒక్కొక్క గుర్తు వెడల్పు 0.6 మిల్లీమీటరు. తొందరపడి బల్లను 12 మీటర్ల వేగమున పంపినచో గుర్తు 1.2 మిల్లీమీటర్లగును, అది కంటికే కనబడును. గరుకు పట్టీ ఈ అలలను తుడిచివేయును. మ్రాను పొర ఎదురు తిరిగిన చోట కత్తి లేపిన చిన్న పెచ్చులను కూడ అది చాలవరకు సరిచేయును.

అయితే యంత్రము చెడ్డ కలపను మంచి కలపగా మార్చజాలదు. పచ్చి కలపను ఎంత నునుపు చేసినను ఎండిన తరువాత అది వంగిపోవును. లోని తేమ సుమారు నూటికి 12 పాళ్లకు తగ్గువరకు ఆరబెట్టిన పిమ్మటనే యంత్రమునకు ఎక్కించవలెను. పాత తలుపుల బల్లలలో మేకులున్నవేమో వెదకి తీయవలెను. ఒకసారి గరుకు పట్టీ క్రింద నడచిన బల్లను మరల కత్తుల క్రిందికి పంపరాదు. దానిలో చిక్కుకొన్న గరుకు రేణువులు కత్తుల పదును పోగొట్టును. ఈ విషయములను ఎరిగినవాడు వడ్రంగియే గాని, ధనముండి యంత్రమును కొన్నవాడు కాడు.

ఇక ప్రమాదముల మాట. చిన్న షెడ్డులలో బల్లను చేతితోనే కత్తిపైకి నెట్టు యంత్రములు ఎక్కువ. వ్రేళ్లు తెగుట తరచుగా వానివలననే. రోలర్లు లాగుకొను యంత్రమున చేయి కత్తికి దూరముగా నుండును గనుక అది మేలు. కాని మూత తీసి నడిపినను, ఇరుక్కొన్న పొట్టును చేతితో తీయబోయినను, రోలర్ల నడిమి దూరముకంటె పొట్టియైన ముక్కను పంపినను అదియు ప్రాణాంతకమే. భుజము మీది తువ్వాలును, వ్రేలాడు లుంగీ చెంగును, చేతితొడుగులను యంత్రము క్షణములో లాగివేయును. స్విచ్చి ఆపివేసి, ఇరుసు పూర్తిగా నిలిచిన తరువాతనే లోపల చేయి పెట్టవలెను.

కంటికి కనబడని ప్రమాదము దుమ్ము. చిత్రిక పొట్టు నేల రాలును. గరుకు పట్టీ లేపు సన్నని దుమ్ము మాత్రము గాలిలో నిలిచి ఊపిరితో లోనికి పోవును. కలప దుమ్ము మనుష్యులకు క్యాన్సరు కలిగించునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో ప్రకటించినది. ముక్కు లోపలి భాగమునకు ఆ వ్యాధి సోకుట ఇందు ముఖ్యము. కావున దుమ్మును పుట్టిన చోటనే పీల్చి సంచిలో చేర్చు పంకా లేని యంత్రమును కొనరాదు. ఆ దుమ్ము సులభముగా మండును; షెడ్డులో బీడీ కాల్చరాదు. యంత్రపు ధ్వని 90 డెసిబెల్లు దాటుట సాధారణము గనుక పనివారు చెవులకు రక్షణ ధరింపవలెను.

ఈ యంత్రము ఎవరి చేతిలో నుండవలెను? ఒక్క వడ్రంగికి ఏడాది పొడుగున యంత్రము నిండ పని దొరకదు. ధనికుడొకడు కొని అద్దెకిచ్చినచో లాభము ఆతనిది, కష్టము వడ్రంగిది. నాలుగైదు గ్రామముల వడ్రంగులు కలిసి, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము క్రింద సంఘముగా ఏర్పడి నడుపుకొనుట మంచి మార్గము.

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకములో వడ్రంగము 18 వృత్తులలో నొకటి. పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయమును, దినమునకు 500 రూపాయల భృతితో శిక్షణయు, నూటికి 5 వడ్డీపై హామీ లేకుండ మొదట 1 లక్ష, పిదప 2 లక్షల రూపాయల వరకు ఋణమును అందు ఏర్పరచిరి. దరఖాస్తులను మొదట పరిశీలించు బాధ్యత గ్రామపంచాయతీదే. అర్హుడైన వడ్రంగి కాగితము మీ కార్యాలయమున నిలిచిపోయినచో ఆతని జీవనమే నిలిచిపోవును. ఉలి పట్టనివాని కాగితము ముందుకు పోయినచో పథకమే వ్యర్థమగును.

కావున సభ్యులారా, యంత్రపు షెడ్డు ప్రస్తావన మీ యెదుటికి వచ్చినప్పుడు ఈ ప్రశ్నలు వేయుడు. స్థలము బడికిని, ఇండ్లకును తగినంత దూరముగా నున్నదా? కరెంటు పరిశ్రమ కనెక్షను నుండియా, వ్యవసాయపు మోటారు కనెక్షను నుండియా? కత్తులకు మూత, దుమ్ము పీల్చు పంకా, చేతికందు దూరములో ఆపు స్విచ్చి కలవా? నడుపువారు శిక్షణ పొందిరా? బాలురను పనిలో పెట్టుట లేదు గదా? ఇట్టి చిన్న షెడ్డులు సాధారణముగా ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు తనిఖీలోనికి రావు. అక్కడ మీ కన్నే తనిఖీ.

యంత్రము వచ్చినను అతుకు వేయుట, కలపను ఎంచుట, కొలత చూచుట వడ్రంగి పనులే. చేతి నొప్పిని మాత్రమే యంత్రము తీసికొనవలెను. చేతిని తీసికొనరాదు, చేతిలోని పనిని తీసికొనరాదు. ఈ రెండింటిని కాపాడు అధికారము గ్రామములో మొదట మీకున్నది. దానిని వినియోగింతురుగాక యని కోరుచున్నాము.