తరగతి గదిలో రసాయన ప్రయోగాలు - కొన్ని జాగ్రత్తలు



సోడియం ముక్క నీటిమీద బుసబుసమంటూ పరుగెత్తడం కళ్ళారా చూసిన పిల్లవాడు ఆ పాఠాన్ని మరిచిపోడు. అయితే ప్రయోగం వెనకబెంచీ దాకా బాగా కనబడాలన్న ఆరాటంలో పదార్థం పాలు పెంచామా, పాఠం కాస్తా ప్రమాదమై కూర్చుంటుంది. అందుకని ఇలాంటి ప్రయోగాల్లో పాటించవలసిన జాగ్రత్తలేమిటో ఈ పూట ముచ్చటించుకుందాం.

ముందుగా సోడియం. కిరోసిన్‌లో దాచే ఈ లోహాన్ని పటకారుతోనే తీయాలి. పొడి కాగితంతో అద్ది, బియ్యపు గింజంత ముక్క కోస్తే చాలు. మిగిలినదాన్ని తిరిగి కిరోసిన్ సీసాలోనే వేయాలి గాని తూములోనో చెత్తబుట్టలోనో పడేయకూడదు. నీటికన్నా తేలిక కనుక సోడియం తేలుతుంది. చర్యలో పుట్టిన వేడికి, 98 డిగ్రీల దగ్గరే కరిగి గుండ్రని బొట్టవుతుంది. హైడ్రోజన్ వెలువడి, నీళ్ళలో క్షారం మిగులుతుంది. అందులో చిటికెడు పసుపు వేసి చూపండి. పసుపులో సున్నం కలిస్తే పారాణి అయినట్టే ఎర్రబారుతుంది. ఒక్క మాట! చివరి క్షణంలో ఆ బొట్టు చిట్లి పైకి చిమ్మవచ్చు. కాబట్టి అంతా అయిపోయిందనుకుని తొంగిచూడకూడదు. కళ్ళకు రక్షణ అద్దాలు, ముందు అడ్డుతెర, పిల్లలకు తగినంత దూరం, ఈ మూడూ కుదరకపోతే ఆ ప్రయోగం మానుకోవడమే మేలు. ఒకవేళ సోడియం అంటుకుంటే నీళ్ళు పోయకండి, పొడి ఇసుక చల్లండి.

ఇక హైడ్రోజన్. గాలిలో నూటికి 4 పాళ్ళ నుంచి 75 పాళ్ళ వరకు ఎంత కలిసినా అది మండుతుంది. అందుకే వాయువును చిన్న పరీక్షనాళికలో పట్టి, దూరంగా తీసుకెళ్ళి వెలిగించాలి. జింకు, ఆమ్లం ఉన్న కుప్పె దగ్గరికి మంట రాకూడదు.

రంగుమంటల కోసం మిథనాల్ వాడే పద్ధతిని పూర్తిగా వదిలేయండి. 2014లో అమెరికాలోని డెన్వర్ నగరంలో ఒక ఉపాధ్యాయుడు పెద్దసీసాలోంచి మిథనాల్ పోస్తుండగా మంట సీసాలోకి పాకి, అగ్నిధారలా ఎగజిమ్మి ఒక విద్యార్థిని కాల్చింది. మిథనాల్ మంట పగటి వెలుతురులో సరిగా కనబడదు కూడా. రంగులే చూపాలంటే, ఉప్పునీటిలో ముంచిన తీగను బర్నర్ మంటలో పెడితే చక్కని పసుపు మంట వస్తుంది.

చివరగా మన సరిహద్దు బళ్ళకు ప్రత్యేకమైన సంగతి. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో తమిళ పాఠ్యపుస్తకం క్షారాన్ని 'కారం' అంటుంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడికి కారమంటే రోట్లో దంచిన మిరపపొడి! పేరు విని రుచి చూడాలనిపిస్తే, నోరు కాలుతుంది. అందుచేత సీసామీద పేరు రెండు భాషల్లోనూ రాయండి. "నీళ్ళలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీళ్ళు పోయకూడదు" అనే హెచ్చరికను కూడా పిల్లల చేత రెండు భాషల్లోనూ చెప్పించండి. కంట్లో ఏదైనా పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్ళతో కడిగి, వెంటనే వైద్యుని దగ్గరికి తీసుకెళ్ళాలని అందరికీ తెలిసుండాలి.

ఏ ప్రయోగమైనా ముందురోజు ఖాళీ గదిలో మీరు ఒకసారి చేసి చూసుకోండి. అక్కడ చేయి తడబడితే, మరునాడు పిల్లల ముందు చేయకండి. బల్లమీది రసాయనం కన్నా బెంచీమీది బిడ్డ విలువైనది కదా!