దేవాంగ పిల్లి బొటనవేలు

నా బ్యాచ్ వాళ్లకు ముందే చెబుతున్నా, ఇది ఇంజనీరు ప్రసంగం, కవిత్వం ఉండదు.

పోయిన డిసెంబరులో మన స్కూలు తొమ్మిదో తరగతి పిల్లలతో చెన్నై ఎగ్మూరు మ్యూజియానికి వెళ్లాను. మనిషి పుట్టుక గురించి రెండు మాటలు చెప్పమన్నారు సైన్సు మేడం. రాబర్ట్ బ్రూస్ ఫూట్ పోగేసిన రాతి పనిముట్లు అక్కడున్నాయి. 1863లో పల్లావరంలో రాతి గొడ్డలిని గుర్తించిన మనిషి ఆయన.

"బొటనవేలు అరచేతిలోకి ముడిచి, పెన్ను పట్టుకుని పేరు రాయండి" అన్నాను. ఒకటే నవ్వులు. రాయి చెక్కాలన్నా, స్పానర్ తిప్పాలన్నా మిగతా వేళ్లకు ఎదురొచ్చి నొక్కే ఆ వేలు ఉండాల్సిందే.

"కోతులు ఇప్పుడెందుకు మనుషులు కావడం లేదు సార్?" అనడిగింది ఒక పాప.

"మీ పెదనాన్న కొడుక్కి నువ్వు పుట్టలేదు కదమ్మా. ఇద్దరికీ తాత ఒకడే. కోతులూ మనమూ అంతే. ఇంకా దూరపు దాయాది మన శ్రీహరికోట అడవిలోనే ఉంది, దేవాంగ పిల్లి."

పేరుకే పిల్లి. రాత్రిళ్లు పురుగుల్ని పట్టి తింటుంది. చీకట్లో దూరం అంచనా కట్టడానికి పెద్ద కళ్లు రెండూ ముందుకే ఉంటాయి. తోక లేదు, దూకదు; కొమ్మ పట్టుకుని మెల్లగా నడుస్తుంది. పట్టు వెడల్పుగా ఉండేలా చూపుడువేలు కురచ. గోళ్లు మనవిలాంటివే, కాలి రెండో వేలికి మాత్రం గోక్కోవడానికి వాడిగోరు. దానికీ మనకూ దారులు వేరై ఆరు కోట్ల ఏళ్లు దాటింది. ఫూట్, ఆయన కొడుకు బేతంచెర్ల దగ్గర బిళ్లసర్గం గుహల్లో తవ్వి తీసిన ఎముకల్ని పరిశీలించింది లైడెకర్. ఈ జీవి శాస్త్రీయ నామంలో ఉన్నది ఆయన పేరే.

బస్సులో వచ్చిన పిల్లల్లో ఒక్కరూ దాన్ని చూడలేదు. నేను చూశాను. ఎనిమిదో తరగతిలో, చెరువు కట్ట పక్క తుమ్మతోపులో. అపశకునమని అందరం రాళ్లేశాం. తగిలింది నాదే. ప్రాణం పోయాక కూడా అది కొమ్మ వదల్లేదు. ఆ నాలుగు వేళ్లూ బొటనవేలూ ఇప్పటికీ కళ్లకు కడతాయి. పిల్లలకు అదీ చెప్పాను. నవ్వులు ఆగిపోయాయి.

"ఆ తోపు ఎక్కడ సార్?" అంది ఇందాకటి పాప.

రొయ్యల గుంటలైపోయిందని చెప్పాను.

వచ్చే ఏడాదికి రెండు బస్సులు కావాలట. ఒకటి మా బ్యాచ్‌ది. రెండోది ఎవరిదో భోజనాలయ్యేలోగా చెప్పండి.