స్పంజిక యొసగిన ఔషధము

అలల సవ్వడి యెరుగని మన హైటెక్ సిటీ గాజుమేడలలో పగలు రేయి కంప్యూటరుల ముందు గూర్చుండు యువజనులకు, రక్తపు క్యాన్సరునకు వైద్యులు వాడు సైటరబీనను సూదిమందునకు మూలము కరీబియను సముద్రపు స్పంజికయని చెప్పినచో వింతగా దోచవచ్చును. 1950 ప్రాంతమున బెర్గ్‌మన్ అను రసాయనజ్ఞుడు అందు గనుగొనిన విచిత్ర న్యూక్లియోసైడుల (డీఎన్ఏకు ఇటుకలవంటి యణువుల) పోలికను నిర్మింపబడిన యీ మందు, కణము విభజనకు బూనినపుడు డీఎన్ఏలో జొరబడి దాని యల్లికను నిలిపివేయును. 1969లో అమెరికా దీని ననుమతించెను. ఇట్టి పదార్థములు స్పంజికకేల యనిన, కదలలేని, పారిపోలేని దానికి విషమే కవచము, ఎంతటి యుక్తి! జపాను స్పంజికలోని హాలికాండ్రిన్ అను క్యాన్సరు నిరోధక పదార్థము సముద్రమున దగినంత దొరకకపోగా, ఆ యణువులో నక్కరయగు భాగమును మాత్రమే ప్రయోగశాలలో నిర్మించి, రొమ్ము క్యాన్సరునకు ఎరిబులిన్ అను మందు గావించిరి. మన హైదరాబాదు తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రజ్ఞులును భారత తీరముల స్పంజికలనుండి యనేక పదార్థములను వేరుపరచి పరీక్షించిరి.