అన్నము, దేహభారము



కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల నుండి విచ్చేసిన మీ యెదుట విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు పెద్దలు ప్రసంగించిరి. మేము కంచమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసికొందుము.

మన తాతలకు జొన్నరొట్టె, మక్కగటక, అంబలి నిత్యాహారము. వరియన్నము పండుగ భోజనము. 1931లో మంజీరపై నిజాంసాగరము పూర్తికాగా కాలువ క్రింద వరియు, చెఱకును విస్తరించెను. పిదప బోరుబావులు మెట్టకును వరిని దెచ్చెను. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చెను. ఆకలి తగ్గుట సామాన్యమైన మేలు కాదు. కాని మూడు పూటల నన్నమును, ప్రక్కన పలుచని పులుసును మాత్రమే యైనచో కడుపు నిండునుగాని దేహమునకు వలయునది యందదు.

జొన్నయే సర్వరోగనివారిణి యని కొందఱందురు. అదియు నతిశయోక్తియే. జొన్నయే ముఖ్యాహారముగా గల పేదలలో పెల్లాగ్రా యను వ్యాధిని హైదరాబాదున డాక్టరు సి. గోపాలన్ గారును, వారి సహచరులును 1960 ప్రాంతమున పరిశోధించిరి. దోషము ధాన్యమునది కాదు, ఒంటి ధాన్యమునది. బియ్యమున కొఱవడిన మాంసకృత్తుల భాగమును పప్పు పూరించును. జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో, 2000 కేలరీల దినాహారమునకు ధాన్యము 250 గ్రాములు, పప్పులు 85, ఆకుకూరలతో గూడ కూరగాయలు 400 గ్రాములు చాలునని తెలిపిరి. మన పెరటి పుంటికూరకు ధర యెంత?

ఇక భారము. బొజ్జ పెరిగినవానిని కలిగినవాడని మెచ్చుకొనుట మన వాడుక. నాగలి పట్టిన తాత తిన్న కుప్పనే ట్రాక్టరెక్కిన మనుమడును తినుచున్నాడు! కిలోలలోని బరువును, మీటర్లలోని యెత్తుయొక్క వర్గముచే భాగింపగా 18.5కును 23కును నడుమ నుండుట మనవారికి క్షేమము. 160 సెంటీమీటర్ల యెత్తువారికి రమారమి 47 మొదలు 59 కిలోల వఱకు. నడుము పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదు.

ఆ యింటనే యిల్లాలు అందఱు తిన్న పిదప అడుగంటినది తిని, రక్తహీనయై బిడ్డను గనుచున్నది. తూకము తక్కువగా పుట్టిన బిడ్డను జూచి దైవమును నిందింతుము. తల్లి కంచమును జూడము.

కావున వచ్చు వార్షికసభనాడు భోజనశాల ద్వారమున నొక త్రాసును, కొలతపట్టీని ఉంచవలెననియు, మొదటి పంక్తిలో స్త్రీలను కూర్చుండబెట్టవలెననియు తీర్మానమును ప్రతిపాదించుచున్నాము. బలపఱచువారు చేతులెత్తగలరు.